వేసవి పాటల ఎంపిక: ఒక పరిశీలన

మార్చి మాసాంతమున మన సంఘములలో ఏటేటా తలెత్తు ప్రశ్న ఒకటున్నది: ఈ సంవత్సరము వి.బి.ఎస్.లో పిల్లలకు ఏ పాటలు నేర్పవలెను? 1898లో న్యూయార్కులో మొలకెత్తిన ఈ సెలవుల బైబిలు పాఠశాల నేడు తిరుపతి, చిత్తూరు ప్రాంత పల్లెలలోనూ జరుగుచున్నది. పిల్లవాడు పాఠమును మరచిపోవచ్చును, పాటను మరువడు. కావున పాటల ఎంపిక బోధలో భాగమే. దానిని కీబోర్డు వాయించువారికే వదలివేయరాదు.

నేటి ఎంపికలో నాకు కనబడు కొరత రాగములో లేదు, చప్పట్లలోనూ లేదు. దాదాపు అన్ని పాటలును ఆనందమునే పాడుచున్నవి. కీర్తనల గ్రంథము అట్లు లేదు. 63వ కీర్తన దావీదు యూదా అరణ్యములో ఉన్నప్పటిది. అందులో దాహమే ప్రార్థన. 88వ కీర్తన చీకటిలోనే ముగియును. బోరు ఎండి, వేరుశనగ పోయి, తండ్రి బెంగుళూరుకు కూలికి వెళ్లిన ఇంటి బిడ్డకు ఒక్క దాహపు పాటయైనను నేర్పనియెడల, ఇంటి దుఃఖమును గుడి వెలుపల విడిచి రమ్మని మనమే బోధించినట్లగును. పిల్లలకు విలాపము బరువని కొందరందురు. ఆ బరువును వారు ఇంటివద్ద ఇదివరకే మోయుచున్నారు.

పురుషోత్తమ చౌదరి (1803–1890) గారు సువార్తను పల్లవి, చరణముల కీర్తనగా మలచిరి. అన్నమయ్య పాడిన ఈ సీమలో ఆ రూపము పరాయిది కాదు; స్పీకర్లు లేకున్నను నోట నిలుచును. పది పాటలలో రెండైనను విలాపగీతములు, ఒకటైనను పాత కీర్తన ఉండునట్లు కాపరులు చూచుకొనవలెను.