కారు పాటలో ఇంజిన్ కూత: ఎర్త్ కట్టడంలోని పనితనం

కారులో స్టీరియో బిగించిన పనివాడి సామర్థ్యాన్ని కొలవదలచినవారు పాటను గట్టిగా పెట్టి వినడం కన్నా, పాట ఆపి, ఇంజిన్ నడుస్తుండగా ట్వీటర్ దగ్గర చెవి పెట్టి వినడం మేలు. ఊఫర్‌ను అదిరించడం డబ్బున్న ప్రతివారికీ సాధ్యమయ్యే పనే; పల్లవికీ చరణానికీ నడుమ వీణ తీగ ఒక్కటే మోగే క్షణంలో ఆ తీగ తప్ప మరేదీ వినపడకుండా చేయడం మాత్రం చేతికీ, చెవికీ, మీటరుకూ ఏళ్ల తరబడి పొత్తు కుదిరిన కొద్దిమందికే చేతనవుతుంది. యాక్సిలరేటర్ తొక్కిన కొద్దీ సన్నగా పైకి లేచి, వదిలిన కొద్దీ కిందికి దిగే ఆ కూతను బండి నుంచి పూర్తిగా తరిమివేయగల పనివాడు ఏ గొప్ప కళాకారుడికీ తీసిపోడు.

చాలామంది మెకానిక్కులు నేటికీ డైనమో అనే పిలిచే ఆల్టర్నేటర్, అంటే బెల్టు మీద తిరుగుతూ బ్యాటరీని ఛార్జ్ చేసే యంత్రం, పుట్టించేది మూడు ఫేజుల ఏసీ కరెంటు. కరెంటును ఒకే దిక్కుకు పోనిచ్చే భాగాలైన డయోడ్లు ఆరింటిని కూర్చి దానిని డీసీగా మారుస్తారు గాని, ఆ మార్పిడి ఎంత బాగా జరిగినా డీసీ మీద చిన్నచిన్న అలలు మిగిలే ఉంటాయి; వాటినే రిపుల్ అంటారు. పన్నెండు ధ్రువాలున్న ఆల్టర్నేటర్ ఒక్క చుట్టు తిరిగితే 36 అలలు వస్తాయి. పుల్లీల నిష్పత్తి 2.5 అనుకుంటే, ఇంజిన్ నిమిషానికి 800 చుట్లతో ఐడ్లింగ్‌లో ఉన్నప్పుడు సెకనుకు 1,200 అలలు, 3,000 చుట్లకు చేరినప్పుడు 4,500 అలలు లెక్కకు వస్తాయి. మనిషి చెవి అత్యంత సూక్ష్మంగా వినగలిగే మేర 2,000 నుంచి 5,000 హెర్ట్జ్‌ల ప్రాంతంలోనే ఉండడం వల్ల, వోల్టులో వెయ్యో వంతు రిపుల్ ఆడియో తీగలోకి చొరబడినా అది పాటను చెడగొట్టగలదు.

ఈ పోరు కారు రేడియోతోపాటే పుట్టింది. 1930లో పాల్ గాల్విన్ సంస్థ మోటరోలా పేరుతో కారు రేడియోను తెచ్చినప్పుడు, విలియం లియర్, ఎల్మర్ వేవరింగ్ అనే ఇద్దరు స్పార్క్ ప్లగ్గుల చప్పుడును అణచడానికి నానా పాట్లు పడ్డారు. అప్పు కోసం ఒక బ్యాంకరు ప్యాకార్డ్ కారులో రేడియో బిగిస్తే అరగంటలో ఆ కారు అంటుకుందని కూడా చెప్పుకుంటారు. విశేషమేమంటే, కార్లలోకి ఆల్టర్నేటర్ రావడంలో ప్రధానపాత్ర కూడా అదే వేవరింగ్‌దంటారు; అంటే స్పార్కు చప్పుడును అణచిన చెయ్యే ఈ కొత్త కూతకూ దారి తెరిచిందన్నమాట.

నిపుణుడు పని మొదలుపెట్టేది చెవితో. ఇంజిన్ వేగాన్ని అనుసరించి స్థాయి మారే ఎడతెగని కూత అయితే ఆల్టర్నేటర్ వైపు చూస్తాడు. హెడ్‌లైట్లు, బ్లోయర్ వేయగానే ఆ కూత మరింత బలిస్తే అనుమానం రూఢి అవుతుంది. వేగంతోపాటు పెరిగే టికటిక అయితే ఇగ్నిషన్‌ను తలుస్తాడు, ఎందుకంటే నాలుగు సిలిండర్ల పెట్రోలు ఇంజిన్ 3,000 చుట్ల వద్ద సెకనుకు వంద స్పార్కులు వేస్తుంది. డీజిల్ బండికి స్పార్కే లేదు గనుక అదే టికటిక అక్కడ వినపడితే ఇంజెక్టర్ల తీగల వైపు చూపు మళ్లిస్తాడు. వేగంతో నిమిత్తం లేకుండా తాళం తిప్పగానే వినపడే సన్నని రొద పెట్రోలు పంపుది కావచ్చు. ఇంజిన్ ఆపినా పోని బుస్సుమనే శబ్దం చాలావరకు గెయిన్ తప్పుగా పెట్టినందువల్ల వచ్చేదే. గెయిన్ అంటే డ్యాష్‌బోర్డులోని స్టీరియో డబ్బా అయిన హెడ్ యూనిట్ నుంచి వచ్చే సిగ్నల్ స్థాయికి యాంప్లిఫయర్‌ను సరిపెట్టే మర, దానిని వాల్యూమ్ అనుకొని చివరిదాకా తిప్పేవారు పాటకన్నా ముందు రొదను పెంచుకుంటున్నారు. హెడ్ యూనిట్ 2 వోల్టులకు బదులు 4 వోల్టుల సిగ్నల్ ఇవ్వగలిగితే గెయిన్‌ను సగానికి దించవచ్చు, దానితో మధ్యదారిలో చేరిన రొద కూడా 6 డెసిబెళ్లు తగ్గుతుంది.

కూతలో ఎక్కువ భాగానికి మూలం గ్రౌండ్ లూప్. కారులో బ్యాటరీ మైనస్‌ను బాడీకి కలుపుతారు గనుక ఆ ఇనుమంతా తిరుగు తీగగా పనిచేస్తుంది. పనివాళ్లు దీనినే బాడీ ఎర్త్ అంటారు. ఇనుముకూ కొద్దిపాటి నిరోధం ఉంటుంది. డ్యాష్‌బోర్డు వద్ద హెడ్ యూనిట్‌కూ, డిక్కీలో యాంప్లిఫయర్‌కూ వేరువేరు చోట్ల ఎర్త్ ఇచ్చినప్పుడు, ఆల్టర్నేటర్ నుంచి పోయే భారీ కరెంటు వల్ల ఆ రెండు చోట్ల మధ్య కొన్ని మిల్లీవోల్టుల తేడా ఏర్పడుతుంది. ఆ రెంటినీ కలిపే ఆర్‌సీఏ కేబులు పైతొడుగు, అంటే షీల్డు, ఈ తేడాకు దగ్గరి దారి చూపుతుంది. రిపుల్‌తో కూడిన కరెంటు ఆ దారిన నడుస్తుంది, పాటకు ఆధారమైన షీల్డు మీదనే నడిచినందువల్ల యాంప్లిఫయర్ దానిని కూడా పాటగానే భావించి పెంచి పంపుతుంది.

దొంగ ఏ గుమ్మం గుండా వచ్చాడో తేల్చే వరుస ఈ విద్యలో అత్యంత సుందరమైన భాగం. ముందుగా యాంప్లిఫయర్ ఆపి, దాని వద్ద ఆర్‌సీఏ కేబుళ్లు ఊడదీసి, వాటి స్థానంలో లోపలి పిన్నునూ బయటి రింగునూ కలిపి సోల్డర్ చేసిన ఖాళీ ప్లగ్గులు పెట్టి, మళ్లీ ఇంజిన్ నడుపుతారు. అప్పటికీ కూత ఉంటే దోషం యాంప్లిఫయర్‌లోనో, దాని ఎర్త్‌లోనో, బాడీకి తగులుతున్న స్పీకర్ తీగలోనో ఉన్నట్టు; పోతే దోషం అంతకుముందు దారిలో ఉన్నట్టు. తరువాత తన బ్యాటరీ మీదనే నడిచే ఫోనును కొత్త కేబులుతో నేరుగా యాంప్లిఫయర్‌కు కలుపుతారు. శుభ్రంగా మోగితే యాంప్లిఫయర్‌కు నిర్దోషిత్వం దొరికినట్టే. అటుపైన ఒక కొత్త ఆర్‌సీఏ కేబులును సీట్ల మీదుగా, తివాచీ కిందికి పోనివ్వకుండా, హెడ్ యూనిట్ నుంచి యాంప్లిఫయర్ దాకా తాత్కాలికంగా పరుస్తారు. కూత మాయమైతే పాత కేబులు నడిచిన దారి చెడ్డది, మిగిలితే హెడ్ యూనిట్‌ను బయటికి తీయాలి. కొన్ని హెడ్ యూనిట్లలో ఆర్‌సీఏ రింగును గ్రౌండుకు కలిపే చోట బియ్యపుగింజంత ఫ్యూజు ఉంటుంది. యాంప్లిఫయర్‌కు కరెంటు ఉండగానే కేబుళ్లు పెరికిన తొందరపాటుకు అది మాడిపోతుంది. ఆర్‌సీఏ రింగు నుంచి హెడ్ యూనిట్ డబ్బాకు ఒక చిన్న తీగ తాకించగానే కూత ఠక్కున ఆగితే రోగం అదేనని తెలుస్తుంది. కొత్త సరుకు కొనిపించకుండా, ఒక్క తీగముక్కతో రోగం పేరు చెప్పగల ఆ పనివాడికి ఎంత మర్యాద చేసినా తక్కువే.

ఎర్త్ బిందువు కట్టడంలో అసలైన పనితనం బయటపడుతుంది. మంచి పనివాడు ముందు చోటు ఎంచుతాడు: రేకులు జిగురుతో అతికిన చోటును వదిలి, బాడీకి ఎముకలాంటి మందపాటి ఇనుమును వెతుకుతాడు, సీటు బెల్టు బోల్టును ప్రాణరక్షణకు సంబంధించినది గనుక ముట్టుకోడు, డిక్కీ అడుగున పెట్రోలు ట్యాంకు ఉందేమో చూడకుండా డ్రిల్ తిప్పడు. తరువాత రంగును, దాని కింది ప్రైమర్‌ను తెల్లటి ఇనుము మెరిసేదాకా గీకి, క్రింప్ చేసిన లగ్గును స్టార్ వాషర్‌తో బిగించి, బిగించిన పిమ్మట పైన రంగో గ్రీజో పూసి తేమ చొరకుండా మూసివేస్తాడు. విశాఖపట్నం, కాకినాడ వంటి ఉప్పుగాలి ఊళ్లలో ఈ చివరి పూత వేయని ఎర్త్ తుప్పుకు ఆహారమవుతుంది. తీగ మందం ప్లస్ తీగకు సమానంగా, పొడవు మూరెడుకు మించకుండా ఉండాలన్నది నియమం.

ఇంత చేశాక అతడు మీటరును ఓమ్‌ల మీద పెట్టి తృప్తిపడడు, ఎందుకంటే మామూలు మీటరు తీగల సొంత నిరోధమే కొలవవలసిన నిరోధంకన్నా ఎన్నో రెట్లు ఎక్కువ. పాట జోరుగా మోగుతుండగా యాంప్లిఫయర్ మైనస్‌కూ బ్యాటరీ మైనస్‌కూ మధ్య డీసీ వోల్టులు కొలుస్తాడు. రంగు సరిగా గీకని చోట మిగిలిన నిరోధం ఓమ్‌లో వందో వంతే అయినా, 50 ఆంపియర్లు నడిచినప్పుడు అర వోల్టు అక్కడే పోతుంది. చక్కని ఎర్త్ వద్ద ఈ తేడా వోల్టులో పదో వంతు దగ్గర ఆగుతుంది. అదే మీటరును ఏసీ మీదికి తిప్పి బ్యాటరీ వద్ద రిపుల్‌ను చూస్తాడు. అది అర వోల్టు దాటితే ఆల్టర్నేటర్‌లో డయోడ్ పోయిందని అనుమానించి, స్టీరియోను వదిలి ఆటో ఎలక్ట్రీషియన్ వద్దకు పంపుతాడు.

ఈ విద్యకు శాస్త్రం అందించినవారిలో బిల్ విట్‌లాక్‌ను మొదట స్మరించాలి. జెన్సెన్ ట్రాన్స్‌ఫార్మర్స్ సంస్థను ఏళ్ల తరబడి నడిపిన ఈయన (కారు స్పీకర్ల మీద కనిపించే జెన్సెన్ పేరుతో ఈ సంస్థకు సంబంధం లేదు), రెండు తీగల మీద సమానంగా చేరిన రొదను రద్దు చేసే బ్యాలెన్స్‌డ్ లైన్ విజయం ఆ రెండు తీగల నిరోధాల సమానత్వం మీదనే ఆధారపడుతుందని ఓపికగా బోధించారు. షీల్డును పరికరపు డబ్బాకు కలపకుండా లోపలి సర్క్యూట్ బోర్డుకు కలపడం ఎంత చేటో 1995లో నీల్ మన్సీ విడమరిచి రాసినది స్టూడియోలకోసమే అయినా, కారు హెడ్ యూనిట్లు విప్పినవారికి ప్రతి వాక్యం తమ బల్ల మీది సంగతిలా తోస్తుంది. కార్ల లోకంలో రిచర్డ్ క్లార్క్, డేవిడ్ నవోన్ జంట ఆటోసౌండ్ 2000 పేరుతో సాగించిన బోధన ఒక తరాన్ని తీర్చిదిద్దింది. క్లార్క్ బ్యూక్ గ్రాండ్ నేషనల్ కారు గురించి ఆ రంగంలోనివారు ఇప్పటికీ కథలుగా చెప్పుకుంటారు. యాంప్లిఫయర్ల మధ్య తేడాను చెవితో పట్టినవారికి పదివేల డాలర్లు ఇస్తానని ఆయన వేసిన పందేన్ని గెలిచినవారు లేరు. రేసు కారు వంటి రేకుల గూటిలో మేటి ధ్వనిని కూర్చి పోటీలు గెలిచిన మార్క్ ఎల్డ్రిడ్జ్ సాధన మరొక ఆశ్చర్యం. ఐయాస్కా వంటి పోటీలలో ఏమీ రికార్డు కాని ట్రాకును వేసి రొదను వెతికే పద్ధతి ఉండడం ఈ నిశ్శబ్దానికి దక్కవలసిన గౌరవమే.

విజయవాడ జవహర్ ఆటోనగర్‌లోనూ, సికింద్రాబాద్ రాణిగంజ్‌లోనూ ఈ ఇంగ్లిష్ పేర్లు ఎన్నడూ వినకుండానే అదే వరుసను అనుభవంతో పట్టుకున్న చేతులు ఉన్నాయి. 24 వోల్టుల లారీలో స్టీరియోకు ఒక్క బ్యాటరీ నుంచే 12 వోల్టులు లాగితే ఆ బ్యాటరీ ఎప్పటికీ నిండదనీ, పక్కది అతిగా ఛార్జ్ అవుతుందనీ, చివరికి రెండూ చెడతాయనీ చెప్పి, మంచి కన్వర్టర్ పెట్టి, దానిని ఆడియో తీగలకు దూరంగా బిగించే పనివాళ్లు శిరోధార్యులు.

అటువంటి చేతుల పక్కనే నేడు జరుగుతున్న మోసం సహించరానిది. అల్యూమినియానికి రాగి పూత పూసి, పైన ప్లాస్టిక్‌ను లావుగా పోసి, రాగి తీగ ధరకు దగ్గరగా అమ్ముతున్నారు. అదే మందం రాగితో పోలిస్తే దాని వాహకత మూడింట రెండు వంతులకు లోపే, కోసిన చోట అల్యూమినియానికి పట్టే ఆక్సైడు పొర ఎర్త్‌నే మింగేస్తుంది. కూత వినపడిందని చెప్పగానే, ఎక్కడినుంచి వస్తున్నదో వెతకకుండా, నాయిస్ ఫిల్టర్ అనే డబ్బాను తగిలించి పంపే అంగళ్లు పెరిగిపోయాయి. ఆర్‌సీఏ దారిలో పెట్టే ఆ చవక డబ్బాలో ఉండేది చిన్న ట్రాన్స్‌ఫార్మర్. మంచి ట్రాన్స్‌ఫార్మర్ గౌరవనీయమైన సాధనమే, దానిని చేసినవారిని పైన కీర్తించడమూ జరిగింది, కాని వేలెడంత ఇనుము కోరు తక్కువ స్థాయి స్వరాల వద్ద సంతృప్తమైపోయి, అంటే ఇక అయస్కాంతత్వాన్ని మోయలేక, మృదంగం ఎడమవైపు గుంకారాన్ని కోసివేస్తుంది. కూత ఆగిందని మురిసే యజమానికి తన పాటలో సగం ప్రాణం పోయిందని ఎవరు చెప్పాలి? ఛార్జింగ్‌లో ఉన్న ఫోనును ఆక్స్ తీగతో కలిపినప్పుడు వచ్చే రొద ఒక్కదానికి మాత్రం ఆ డబ్బా క్షమించదగినది, అదైనా ఛార్జర్‌ను ఊడదీసి రొద పోతున్నదని రూఢి చేసుకున్న తరువాతే.

చేతిపని తెలిసిన వృద్ధులు బల్లల ముందు నుంచి లేస్తున్నారు. వారి స్థానంలో కూర్చుంటున్న పిల్లలకు కప్లర్‌కు కప్లర్ తగిలించడం తప్ప మీటరు పట్టుకోవడం నేర్పేవారు కరవయ్యారు. ఐటీఐలలో ఆటో ఎలక్ట్రికల్ చదివే విద్యార్థులకు బ్యాటరీ మైనస్ నుంచి యాంప్లిఫయర్ మైనస్ దాకా వోల్టు తేడా కొలిచే పాఠాన్ని ఈ పెద్దల చేతనే చెప్పించాలి, చెప్పినందుకు గౌరవ వేతనం ఇవ్వాలి. కారు యజమానులు కూడా స్టిక్కరు మీది వాట్ల సంఖ్య అడగడం మాని, బిగింపు ముగిసిన తరువాత హెడ్‌లైట్లు, బ్లోయర్ వేయించి, ఇంజిన్‌ను 3,000 చుట్లకు పెంచి, పాట ఆపించి, ట్వీటర్ దగ్గర చెవి పెట్టి విన్నాకే డబ్బు చెల్లించాలి. కూత వినపడితే ఫిల్టర్ వద్దని, ఎర్త్ బోల్టు విప్పి చూపించమని అడగాలి.