దశరథుడికి వేట వచ్చా?

శ్రవణకుమారుడి కథ తెలియని తెలుగువాళ్లు అరుదు. కావడి, గుడ్డి తల్లిదండ్రులు, బాణం, శాపం. మన పండితుల వ్యాఖ్యానం కూడా దాదాపు రెండు మాటల్లో తేలిపోతుంది: పితృభక్తి, విధి. ఆ రాత్రి సరయూ ఒడ్డున జరిగింది వేట గదా, మరి ఆ వేట సంగతేంది?

అయోధ్యకాండలో దశరథుడే చెప్పుకుంటాడు. అప్పటికి యువరాజు. వానాకాలం. వ్యాయామం కోసమని విల్లు పట్టి రథమెక్కాడు. రాత్రిపూట నీళ్లకొచ్చే దున్ననో ఏనుగునో మరో మృగాన్నో కొట్టాలని రేవు దగ్గర కాచుకున్నాడు. చీకట్లో కుండ మునిగిన చప్పుడు విని, ఏనుగనుకుని, చప్పుడు మీదికే బాణం వేశాడు.

నీళ్ల దగ్గర మాటు వేయడం రాజులు కనిపెట్టింది కాదు. నల్లమల చెంచుల్లాంటి అడవి మనుషుల విద్య అది. దానికి లెక్కలున్నాయి. దుప్పినే తీసుకోండి. ఎండాకాలంలో వాగులెండి అక్కడో చెలమ ఇక్కడో చెలమ మిగిలినప్పుడు, ఎటు తిరిగినా అది అక్కడికే రావాలి. వానాకాలంలో అడుగడుగునా నీళ్లే, దానికి ఈ రేవే ఎందుకు? తర్వాత గాలి. మనిషి వాసన దుప్పి వైపు పోయిందా, ఆ పూటకి వేట లేదు. గాలి దుప్పి మీదుగా మన వైపు రావాలి. కదలకుండా కూచున్న మనిషిని అది చూసినా చప్పున పోల్చుకోదు, చెయ్యి ఆడితే చాలు పసిగడుతుంది. అనుమానమొచ్చిన దుప్పి వెంటనే పరుగెత్తదు. తలెత్తి, చెవులు రిక్కించి, ముందుకాలితో నేల తడుతుంది. ఆ కాసేపూ ఊపిరి బిగబట్టగలిగినవాడే వేటగాడు. కొండముచ్చులు చెట్టు మీద మేస్తుంటే, అవి రాల్చే ఆకులకూ కాయలకూ దుప్పులు కిందికి చేరతాయి. పైన కొండముచ్చు కేక పెడితే కింద దుప్పులు బెదురుతాయి. ఇప్పపూలు రాలే రోజుల్లోనైతే మాటు వేయాల్సింది ఇప్పచెట్టు దగ్గర. కణితి వేరు. అది ఎక్కువగా రాత్రి తిరుగుతుంది, దుప్పిలాగా పెద్ద మంద కట్టదు. మన కావ్యాల్లో చూడబోతే అన్నీ లేళ్లే!

అన్నిటికన్నా పెద్ద లెక్క, చూడకుండా వేయకూడదు. ఆ చెలమకే తన ఆడోళ్లు, పిల్లలు కూడా నీళ్లకొస్తారని అడవి మనిషికి తెలుసు. యువరాజుకి ఆ తలపే లేదు. నీళ్లు మోసి బతకని ఇంట్లో పుట్టినవాడు గనక, చీకట్లో నీళ్ల చప్పుడు మృగానిదే అనుకున్నాడు. శబ్దవేధి అంటూ మనం మురిసిపోయేది గురి విద్య, వేట విద్య కాదు.

ఆ కుర్రాడికి వాల్మీకి పేరు కూడా పెట్టలేదు. చనిపోతూ అతను చెప్పే మాట ఒకటుంది. తాను బ్రాహ్మణుడు కాదట, వైశ్యుడికి శూద్రస్త్రీకి పుట్టాడట, కాబట్టి బ్రహ్మహత్య భయం పెట్టుకోవద్దట. చంపినవాడికి చచ్చేవాడే ధైర్యం చెప్పాలి! పిల్లలకు కథ చెప్పేటప్పుడు ఈ మాట ఎగిరిపోతుంది.

వాలిని చాటునుంచి కొట్టిన రాముడు కూడా వేటనే సాక్ష్యానికి పిలుస్తాడు. మృగాలను వలలేసి, ఉచ్చులు పన్ని, దాక్కుని చంపడం తప్పు కాదు, నువ్వు కోతివి అంటాడు. రాజు చేతిలో మాటు ధర్మమే.

చెంచు చేతిలో అది నేరం. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదట్లో లైసెన్సు వేటకు కొంత దారి ఉంచింది. లైసెన్సులూ తుపాకులూ ఎవరిళ్లలో ఉండేవో వేరే చెప్పాలా? 1991 సవరణతో ఆ దారీ మూసుకుంది. దుప్పులు మిగలాలి, నిజమే. వేట మళ్లీ తెరవమని నేననడం లేదు. అసలు చెంచంటే వేటగాడే అనడం కూడా పై వాళ్లు గీసిన బొమ్మే. 1943లో వచ్చిన హైమెండార్ఫ్ పుస్తకం చూసినా, వాళ్ల కడుపు నింపింది ఎక్కువగా గడ్డలు, దుంపలు, పండ్లు. అందులో ఆడవాళ్ల తవ్వుకోల పాలు చాలా పెద్దది.

చెంచులు గిరిజనులు, దళితులు కారు. అయినా తోలు పదును పెట్టే ఎరుకకు ఏ గతి పట్టిందో, జాడ తీసే ఎరుకకూ అదే పట్టింది. శ్రీశైలం, అమ్రాబాద్ పులుల అడవుల్లో అడుగుజాడ పోల్చడానికి అటవీశాఖ పిలిచేది చెంచులనే. వాళ్ల తాతలు దుప్పి కోసం కూచున్న చెలమల దగ్గరే ఇప్పుడు వాళ్లు కాపలా కాస్తున్నారు. వాళ్ల ఎరుక నివేదికలోకి ఎక్కితే శాస్త్రం, వాళ్ల దగ్గరుంటే వాచర్ కూలి.