నడుములో పిస్తోలు, కథలో మనిషి

తెలంగాణా రైతాంగ పోరాటం ఇతివృత్తంగా విద్యార్థులు రాసిన కథలు కొన్ని యీ మధ్య నా పరిశీలనకు వచ్చాయి. చాలావాటికి రంగస్థలం జనగామ ప్రాంతం. వొక కథ లింగాల ఘనపూర్‌లోనే నడుస్తుంది. రచయితలు ఎవరి పక్షాన నిలబడాలో తెలిసినవాళ్లు, వాళ్ల ఆవేశమూ నిజమైనదే. ఐనా దాదాపు ప్రతి కథలోనూ వొకే లోపం కనిపించింది. నాయకుడి నడుములో దాచిన పిస్తోలు వుంటుంది. చివరి పేజీలో అది పేలుతుంది. ఈ రెంటికీ నడుమ దాన్ని మోసిన మనిషి మాత్రం కనిపించడు.

నాటకంలో గోడకు తుపాకి తగిలించి వుంటే అది ఎప్పుడో పేలి తీరాలన్నాడు చెకోవ్. మనవాళ్లు దీన్ని వేదవాక్యంగా పట్టుకున్నారు. అవసరం లేని సరంజామాను రంగం మీదికి తేవద్దన్నదే ఆయన ఉద్దేశం. పైగా అది గోడ మీది తుపాకి సంగతి. దాచి మోసే ఆయుధం ధర్మం వేరు. అది పేలకుండా, బయటపడకుండా గడిచిన ప్రతి దినమూ మోసేవాడు తన పని సరిగా చేసినట్టే. ఆ పేలని దినాల్లోనే కథ వుంది గదా!

దాచి మోయటం వొక పని. దానికొక క్రమశిక్షణ వుంది. ట్రిగ్గరును పూర్తిగా కప్పే గట్టి తోలు వొర వుండాలి. కాల్చాలని నిశ్చయించుకొనేదాకా వేలు ట్రిగ్గరు మీదికి పోరాదు. గుండ్లు లేవని ఎవరు చెప్పినా, తెరిచి చూడందే నమ్మరాదు. ఇంట్లో పిల్లలుంటే తాళం వేసి పెట్టాలి. కల్లు తాగిన రాత్రి దాని జోలికే పోరాదు. మన కథానాయకుడో, వొర లేకుండా పంచె బిగువులో దోపుకొని గెట్లు దూకుతాడు. న్యాయంగా ఐతే మొదటి గుండు అతని తొడలోనే దిగాలి. ధైర్యం సంగతీ అంతే. అలవాటు లేనివాడి చెయ్యి మాటిమాటికీ నడుము తడుముకొంటుంది. దాని బరువుకు అలవాటుపడినవాడు దాన్ని మరిచినట్టు నడుస్తాడు, మరవడు. ఈ తేడాను పట్టుకొన్న వాక్యం నాకు వొక్కటీ దొరకలేదు.

1959 ఆయుధాల చట్టం కింద 2016లో చేసిన నిబంధనలు సైతం, లైసెన్సు వున్నవాడైనా బహిరంగ స్థలంలో తుపాకిని పూర్తిగా కప్పి, తన అదుపులో వుంచుకొనే మోయాలంటున్నాయి. వేడుకల్లో సరదాకు పేల్చి ఇతరుల ప్రాణానికి ముప్పు తేవటం 2019 సవరణతో శిక్షార్హమైంది. తుపాకిని పదిమందికీ చూపించటం దొరతనపు లక్షణం. మన విప్లవనాయకుడు అదే దొర హంగుతో పిస్తోలును బల్లమీద పెట్టి మాట్లాడుతుంటే నాకు కష్టంగా వుంటుంది.

చరిత్ర చూడండి. 1946 జూలై 4న కడవెండిలో వూరేగిన జనం చేతుల్లో వున్నవి కర్రలు, వడిసెలలు. తుపాకి విసునూరు దేశముఖు మనుషులది. దానికి దొడ్డి కొమరయ్య బలయ్యాడు. సాయుధ పోరాటానికి పిలుపు వచ్చింది 1947 సెప్టెంబరు 11న. తరువాత దళాల చేతికి నాటు తుపాకులు, రైఫిళ్లు వచ్చాయి. నిలువెడు నాటు తుపాకిని ఏ అంగీ దాచలేదు. పిస్తోలైనా ఎందరి కళ్లు కప్పగలదు? లింగాల ఘనపూర్ వంటి వూళ్లో కొత్త మనిషి నడుము మీద చెయ్యివేసుకొని నాలుగడుగులు వేస్తే, కల్లు మండువ దగ్గర కూర్చున్నవాళ్లు యిట్టే కనిపెడతారు. కనిపెట్టి నోరు మెదపకపోవటమే ఆ మనిషికి రక్షణ. ఘనపూర్ కథ రాసిన విద్యార్థి వూరినంతా నిద్రపుచ్చి నాయకుణ్ణి వొంటరిగా నడిపించాడు. నా దృష్టిలో అది శిల్పదోషం మాత్రమే కాదు; పోరాటాన్నే తలకిందులు చేయటం.

1986లో వచ్చిన 'మనకు తెలియని మన చరిత్ర'ను యీ రచయితలు చదవాలి. అందులో మాట్లాడిన స్త్రీలు కబుర్లు మోశారు, రహస్యాలు మోశారు. కన్నబిడ్డను వదులుకోవలసి వచ్చిన తల్లి కూడా వారిలో వుంది. దళనాయకురాలిగా తుపాకి పట్టిన మల్లు స్వరాజ్యం ఆత్మకథ 2019లో వెలువడింది. దాని పేరు 'నా మాటే తుపాకి తూటా'. తుపాకి బరువు తెలిసిన మనిషి దాన్ని మాటకు ఉపమానంగా వాడుకొంది. బరువు తెలియని మనవాళ్లు మాటలన్నీ తెచ్చి తుపాకికి అలంకారాలు చేస్తున్నారు.

ఇంకొక సంగతి. 1951 అక్టోబరులో పోరాటాన్ని విరమించారు. ఏళ్లతరబడి ఆయుధాన్ని దాచి మోసిన మనిషి, ఆ బరువు దిగిన తరువాత మొదటి రాత్రి ఏ పక్కకు ఒత్తిగిలి పడుకొన్నాడో, చెయ్యి అలవాటుగా ఎక్కడికి పోయిందో యీ కథల్లో ఎవరూ రాయలేదు. ఘనపూర్ కథ రాసిన కుర్రవాడికి పట్టు వుంది. కథను అక్కణ్ణించి మొదలుపెట్టి మళ్లీ రాయమని అతనికి ఉత్తరం రాశాను.