జడ కొసన కత్తెర

పోయిన వారం గుడివాడ నుంచి వచ్చిన ఫోను ఈ కాలమ్ రచయిత్రికి ఒళ్లు మండేలా చేసింది. అటువైపు మేనకోడలు. "అత్తా, చివర్లు చిట్లాయి, ఒక్క ఇంచ్ తీయండి అంటే నాలుగు ఇంచులు తీసేశారు" అని ఒకటే ఏడుపు. పార్లర్లో అద్దం ముందు కూర్చున్న పిల్లకి వీపు వెనక ఏం జరుగుతోందో తెలియదు, జుట్టు నేల మీద పడ్డాకే తెలుస్తుంది. నాలుగు ఇంచులంటే పది సెంటీమీటర్లు. తలవెంట్రుక నెలకు ఇంచుమించు ఒక సెంటీమీటరు ఎదుగుతుంది. అంటే పది నెలల జుట్టు ఐదు నిమిషాల్లో చీపురు పాలైంది.

అందుకే ఈ వారం, ఎవరి కొసలు వాళ్లే ఇంట్లో కత్తిరించుకోవాలని గట్టిగా చెప్పాలన్న పట్టుదలతో ఈ కాలమ్ మొదలైంది.

మొద్దు కత్తుల మీద రచయిత్రికున్న కోపం పాత పాఠకులకు కొత్త కాదు. కూరగాయల కత్తి మీదా, కత్తిపీట మీదా ఇదివరకు రాసిందే. ఇప్పుడు కత్తెర వంతు. పాల ప్యాకెట్టు కత్తిరించే కత్తెరతో జుట్టు తెగదు, నలుగుతుంది. నలిగినచోటే మళ్లీ చిట్లుతుంది. సెలూన్ కత్తెర ఒకటి కొని, దాన్ని జుట్టుకు తప్ప దేనికీ వాడకూడదు. పిల్లల ప్రాజెక్టు అట్టలకు అసలే వాడకూడదు.

ఇంతకీ చిట్లడమంటే ఏమిటి? వెంట్రుక పైన సన్నని పొరలు కొరమేను పొలుసుల్లా ఒకదాని మీద ఒకటి పరుచుకుని, కొస వైపు వాలి ఉంటాయి. ఒక వెంట్రుకను వేళ్ల మధ్య పెట్టి కుదురు నుంచి కొసకు జారిస్తే నున్నగా పోతుంది, కొస నుంచి వెనక్కి లాగితే గరుకుగా తగులుతుంది. ఆ పొలుసులు అరిగిపోతే లోపలి పీచు బయటపడి చీలుతుంది. నడుము దాటిన జడ కొసన ఉన్న వెంట్రుక ఐదారేళ్ల నాటిది. అన్నేళ్ల దువ్వెన, ఎండ, తువ్వాలు రాపిడి అన్నీ దాని మీదే ఉంటాయి. చీలిన కొసను తిరిగి అతికించే మందు లేదు. సీరమ్‌లోని సిలికోన్ కాసేపు అంటిపెట్టి ఉంచుతుంది, తలంటితో పోతుంది.

ఈ పొలుసుల దిశ మీదే ఒక పెద్ద వ్యాపారం నడుస్తోంది. దువ్వెనకు వచ్చిన చిక్కును ఉండచుట్టి చూరులో దోపడం, సామాన్లవాడు వస్తే దానికి బదులుగా గిన్నె తీసుకోవడం పల్లెల్లో ఎరగనివాళ్లుండరు. ఆ చిక్కులో కుదుళ్లూ కొసలూ కలగాపులగమై, పొలుసులు ఎదురెదురు పడి పెనవేసుకుంటాయి కనుక దానికి ధర తక్కువ. తిరుమల కళ్యాణకట్టలో ఇచ్చిన జుట్టులో కొసలన్నీ ఒకే వైపు ఉంటాయి, అందుకే విలువ. దాన్ని పొడవును బట్టి రకాలుగా విడదీసి వేలం వేస్తారు. ఏలూరులో జుట్టును శుభ్రం చేసి విదేశాలకు పంపే యూనిట్లున్నాయి. అక్కడ పొడవుకే ఖరీదు. అలాంటి పొడవును మన పార్లర్లలో అడక్కుండానే తీసి పారేస్తారు.

కత్తిరించే పద్ధతి కష్టమైందేమీ కాదు. జుట్టు పొడిగా ఉండాలి. తడి జుట్టు సాగి ఉంటుంది, ఆరాక పొట్టిదవుతుంది, ఉంగరాల జుట్టయితే మరీనూ. పగటి వెలుతురులో చిక్కు తీసి, పెన్సిలంత పాయ పట్టుకుని గట్టిగా మెలితిప్పితే చిట్లిన కొసలు పక్కలకు పొడుచుకొస్తాయి. చీలిక మొదలైన చోటికి అర సెంటీమీటరు పైన కత్తిరించాలి. పాయకొక రెండు నిమిషాలు పడుతుంది. పొడవు తగ్గదు.

జడకు కత్తెర అన్నాక కూచిపూడి సంగతి చెప్పకుండా ముందుకు పోవడం కుదరదు. గుడివాడ నుంచి అవనిగడ్డ వెళ్లేదారిలో, పామర్రు దాటాక చల్లపల్లి రాకముందే వస్తుంది ఆ ఊరు. సిద్ధేంద్రయోగి పేరు మీద తరతరాలుగా నడిచిన భామాకలాపం అనే నృత్యనాటకంలో సత్యభామ ప్రవేశానికి ముందు తెర వెనకే ఉంటుంది. మొహం కనపడదు. తెర మీంచి పొడవాటి జడ ఒక్కటి బయటికి వచ్చి పడుతుంది. తనను విద్యలో ఓడించగలిగినవాళ్లెవరైనా ఉంటే ఈ జడ కోసుకోవచ్చని సభకు సవాలు! జడలో సూర్యచంద్రులు, నాగు పడగ, నక్షత్రాలు ఉన్నాయని అర్థాలు చెప్పేవాళ్లు. ఆ వేషం వేసింది మగవాళ్లే. 1935లో ఆ ఊళ్లోనే పుట్టిన వేదాంతం సత్యనారాయణశర్మ సత్యభామగా పేరు పొంది 1970లో పద్మశ్రీ అందుకున్నారు. ఆయన 2012లో కన్నుమూశాక కూడా, వేదిక మీది ఆ నడకను, ఆ వాల్జడ విసురును చెప్పుకునేవాళ్లు కృష్ణాజిల్లాలో ఎందరో.

జడ తెగడమంటే ఓటమి అన్నమాట. అదే అవనిగడ్డ దారిలో ఇంకాస్త ముందుకెళ్తే మోపిదేవిలో ఆ జుట్టే మొక్కు అవుతుంది. సుబ్రహ్మణ్యేశ్వరుడి సన్నిధిలో పిల్లల పుట్టువెంట్రుకలు తీయిస్తారు. ఆడవాళ్లు గుండు చేయించుకోలేనప్పుడు మూడు కత్తెరలో ఐదు కత్తెరలో ఇచ్చి మొక్కు తీర్చుకోవడమూ మనకు తెలిసిందే. ఒకప్పుడు కొన్ని కులాల్లో భర్త పోయిన ఆడపిల్లకు బలవంతాన గుండు గీశారు, అది మరిచిపోదగ్గది కాదు. ఇంత బరువు మోసిన జుట్టుకు కత్తెర తగిలితే పెద్దవాళ్లు మంగళవారమనీ శుక్రవారమనీ ఎందుకంత కలవరపడేవారో తేలిగ్గానే అర్థమవుతుంది.

అయినా ఆ పెద్దవాళ్లే జడ కొస కత్తిరించేవాళ్లు. "కొస తీస్తే జుట్టు ఎదుగుతుందే" అనేవాళ్లు. నిజానికి ఎదుగుదల అంతా మాడు చర్మం లోపల, కుదుట్లో. కొసకు ప్రాణం లేదు, అక్కడ కత్తెర పడ్డ సంగతి కుదురుకు తెలియదు. కానీ చీలిక తీయకపోతే పైకి పాకుతుంది, సగంలో తెగుతుంది, నెలకు వచ్చే సెంటీమీటరూ అక్కడే పోతుంది. కొస తీసిన జడే పొడుగ్గా నిలుస్తుంది. వాళ్లు చూసింది సరైనదే, చెప్పిన కారణమే వేరు.

ఇక రచయిత్రి పట్టుదల సడలింది కూడా ఆ సత్యభామ జడ దగ్గరే. తెర మీద పడే అంతటి జడను ఏ వేషధారీ తన వీపు మీద తానే బిగించుకోలేడు. వెనక ఒకరు ఉండాలి. ఇంటి జడకైనా అంతే. మెలితిప్పి కత్తిరించడం ముందు పాయలకు, పక్క పాయలకు బాగుంటుంది. కొసల గీత సరిచేయాలంటే మాత్రం లెక్క తప్పుతుంది. జుట్టంతా ఒక భుజం మీదికి లాగి అడ్డంగా కోస్తే అవతలి పక్క పొడుగ్గా మిగులుతుంది, అటునుంచి వచ్చే జుట్టుకు దూరం ఎక్కువ కనుక. రెండు పాయలు చేసి రెండు భుజాల మీదుగా కోస్తే వీపు మధ్యన మొన తేలుతుంది. దీన్ని అద్దం సరిచేయదు. ఇంకొకరి కళ్లే సరిచేయాలి.

కొసలు చిట్లకుండా చూసుకోవడం మాత్రం ఎవరికి వారే చేసుకోవలసిన పని. దివిసీమలో తీరం దగ్గర బోరు నీళ్లు ఉప్పన, అలాంటి నీళ్లలో జుట్టు బిరుసెక్కుతుంది. తలంటికి ముందు కొబ్బరినూనె పట్టించడం మంచిదే. మారికో సంస్థకు చెందిన రేలే, మొహిలే 2003లో ప్రచురించిన పరిశోధనలో పొద్దుతిరుగుడు నూనె, మినరల్ ఆయిల్ కన్నా కొబ్బరినూనె వెంట్రుకలోని ప్రొటీన్ నష్టాన్ని బాగా తగ్గించింది. వాళ్లది నూనె అమ్మే సంస్థే, ఆ సంగతీ గుర్తుంచుకోవాలి. తడి జుట్టును తువ్వాలుతో దులపకుండా అద్దాలి, ఆరాకే దువ్వాలి.

గీత కోసం అమ్మనో, హాస్టల్లో పక్కమంచం పిల్లనో, చివరికి పార్లరమ్మనో వెనక నిలబెట్టుకోవచ్చు. పార్లరమ్మది మనకన్నా తిరిగిన చెయ్యి. ఆమెతో ఇంచుల్లో చెప్పొద్దు, జుట్టు మీదే వేలు పెట్టి "ఇక్కడికి" అని చూపించాలి. తల వంచకుండా కూర్చుని, మొదటి పాయ తెగాక ఆ ముక్కను చేతికిమ్మని అడిగి, పొడవు చూసుకున్నాకే రెండో పాయ పట్టనివ్వాలి.