అరుగు లేని మేడలు

హైదరాబాద్‌లో నచ్చిన కట్టడం ఏదని అడిగితే చార్మినార్ అంటారు, ఫలక్‌నుమా అంటారు, అక్కడ చదువుకున్నవాళ్లైతే ఉస్మానియా ఆర్ట్స్ కాలేజీ అంటారు. నచ్చనిది ఏదని అడిగితే మాత్రం చెయ్యి పడమటివైపు తిరుగుతుంది. "అవే, ఆ హైటెక్ సిటీ అద్దాల మేడలు" అంటారు. ఏ మేడ, ఎందుకు నచ్చలేదు అన్నది చెప్పరు. విమర్శ అక్కడితో అయిపోతుంది.

ఇది నాకు సరిగా అనిపించదు. సైబర్ టవర్స్‌ని వాజపేయి ప్రారంభించింది 1998 నవంబరు 22న. ఆ ఏడు పుట్టిన పిల్లలు ఇప్పుడు మెడలో కార్డు వేసుకుని ఆ చుట్టుపక్కలే ఉద్యోగాలు చేస్తున్నారు. ఒక తరం గడిచిపోయిన చోటుని ఇంకా "కొత్తగా వచ్చినవి" అని ఒక్క మాటతో తోసెయ్యడం కుదరదు. ఆర్ట్స్ కాలేజీని చూసినట్టే వీటినీ ఒక్కొక్కటిగా చూడాలి.

అయితే దేనితో కొలవాలి? ఎత్తుతోనా, అందంతోనా? నా కొలత అరుగు. ఇల్లు ఎవరిదైనా అరుగు సగం వీధిది. దారిన పోయేవాడు కాసేపు కూర్చుంటాడు, వాన వస్తే ఆగుతాడు. పాత అరుగుల్ని పొగడటం నా ఉద్దేశం కాదు. వాటి మీద అందరికీ చోటుండేది కాదు, కులం చూసే కూర్చోనిచ్చేవాళ్లు. అందుకే ఈ కొలత ఇంకా అవసరం అనుకుంటాను. ఒక కట్టడం తనకి ఏమీ కాని మనిషికి ఏమిస్తుంది? కొంచెం నీడ, కాస్త దారి, కూర్చోవడానికి జానెడు చోటు. ఇచ్చేదేమైనా ఉందా, లేదా?

సైబర్ టవర్స్‌తోనే మొదలుపెడదాం. పది అంతస్తుల గుండ్రటి భవనం, నాలుగు ముక్కలుగా విడిపోయి ఉంటుంది, మధ్యలో ఆకాశం, కింద ఫౌంటెన్. ఇప్పుడు చుట్టూ లేచిన వాటి పక్కన పొట్టిగా, కొంచెం పాతబడి కనిపిస్తుంది. నాకు నచ్చేది ఆ పాతబడటమే. గుండ్రంగా ఉండటం వల్ల దానికి వీపు లేదు. నాలుగు రోడ్ల వైపూ ముఖమే. ఊళ్లో రావిచెట్టు దగ్గర కలుద్దాం అన్నట్టు ఇక్కడ "సైబర్ టవర్స్ దగ్గర దిగు" అంటారు. లోపలికి ఎన్నడూ అడుగుపెట్టని ఆటో డ్రైవరుకి కూడా అది గుర్తు. ఒక కట్టడం దారి చెప్పడానికి పనికొస్తోందంటే, అది ఊరికి ఎంతో కొంత ఇచ్చినట్టే. పైగా నాలుగు ముక్కల మధ్య ఆ ఖాళీ చూస్తే మన మండువా లోగిలి గుర్తొస్తుంది. కట్టినవాళ్ల మనసులో అది ఉందో లేదో గానీ, చూసే కంటికి ఉంది.

పక్కనే ఉన్న సైబర్ గేట్‌వే మీద నాకు ఈ మెతకదనం లేదు. పేరే గేట్‌వే. భవనం మధ్యలో పెద్ద కమాను లాంటి ఖాళీ వదిలారు. హైదరాబాద్ వాళ్లకి కమాన్ అంటే ఏమిటో చెప్పక్కర్లేదు. చార్మినార్ దగ్గర చార్‌కమాన్ కింద నుంచి నాలుగు వందల ఏళ్లుగా బండ్లు పోతున్నాయి, మనుషులు పోతున్నారు. కమాన్ పనే అది, కింద నుంచి దారి ఇవ్వడం. ఇక్కడ మాత్రం ఆకారం ఉంది గానీ ఆ పని లేదు. కార్డు లేనివాడికి అది ద్వారం బొమ్మ, అంతే.

నాకు అన్నిటికన్నా నచ్చనిది నానక్‌రాంగూడలోని అమెజాన్ క్యాంపస్. 2019 ఆగస్టులో తెరిచారు. తొమ్మిదిన్నర ఎకరాలు, 18 లక్షల చదరపు అడుగుల ఆఫీసు, 15 వేల మందికి చోటు. మొత్తం విస్తీర్ణం లెక్కన ప్రపంచంలో ఆ కంపెనీకున్న భవనాలన్నిటిలోకీ పెద్దదన్నారు. ఐఫిల్ టవర్‌కి పట్టిన ఇనుముకి రెండున్నర రెట్లు పట్టిందన్నారు. గమనించండి, పొగడ్త అంతా అంకెలే. ఐఫిల్ టవర్ పేరు ఎత్తారు కాబట్టి ఒక మాట. పారిస్‌లో ఆ టవర్ నాలుగు కాళ్ల మధ్య నిలబడి పైకి చూడొచ్చు. దాని గొప్పతనం ఇనుము బరువులో లేదు, కింద వదిలిన ఆ చోటులో ఉంది. నానక్‌రాంగూడ భవనంలో లోపల పనిచేసేవాళ్లకి సదుపాయాలు బాగానే ఉండొచ్చు, వాటితో నాకు పేచీ లేదు. రోడ్డు మీద నడిచే మనిషికి మాత్రం అది ఎంతకీ తరగని ఒక పక్క గోడ.

ఇదంతా ఆర్కిటెక్టుల అహంకారమేనా అంటే, కాదు. రెండు ప్రభుత్వ నిర్ణయాల్ని తలుచుకోవాలి. మొదటిది 2005 నాటి సెజ్ చట్టం. సెజ్ అంటే పన్నుల లెక్కలో వేరే ప్రాంతం లాంటిది. చుట్టూ కంచె, గేటు దగ్గర తనిఖీ ఉండి తీరాలి. ఈ కారిడార్‌లో చాలా క్యాంపస్‌లు ఆ నీడలో వచ్చినవే. రెండోది 2006లో వచ్చిన 86వ నంబరు జీవో. జాగాకి ఎన్ని రెట్లు కట్టొచ్చో చెప్పే ఎఫ్‌ఎస్‌ఐ హద్దు హైదరాబాద్‌లో దాంతో పోయింది. రోడ్డు వెడల్పు, చుట్టూ వదిలే ఖాళీ చూపిస్తే చాలు, పైకి వెళ్లిపోవచ్చు. ముంబైలో బిల్డర్లు అదనపు ఎఫ్‌ఎస్‌ఐ కోసం పాట్లు పడుతుంటే, ఇక్కడ ఆ ప్రశ్నే లేదు. ఒక చట్టం గోడ కట్టమంది, ఒక జీవో ఎత్తు ఎంతైనా పర్లేదంది. అరుగు గురించి ఎవరూ ఏమీ అనలేదు.

ఇక నాకు అన్నిటికన్నా నచ్చింది. హైటెక్ సిటీ దగ్గరే, కొత్తగూడ వైపు, సీఐఐ సొహ్రాబ్జీ గోద్రెజ్ గ్రీన్ బిజినెస్ సెంటర్. 2004 జూలైలో అబ్దుల్ కలాం ప్రారంభించారు. రూపశిల్పి బరోడాకి చెందిన కరణ్ గ్రోవర్. ఇరవై వేల చదరపు అడుగులు, అంటే అమెజాన్ ఆఫీసులో తొంభయ్యో వంతు. అమెరికా బయట లీడ్ ప్లాటినం గుర్తింపు మొదట దీనికే దక్కింది. నాకు ఆ పతకం కన్నా ముఖ్యం అది ఎలా చల్లగా ఉంటుందన్నది. మధ్యలో గుండ్రటి పెరడు, దాని చుట్టూ గదులు. ఎండని చిల్లులు చేసి లోపలికి పంపే జాలీ గోడలు, కప్పు మీద మట్టి, పచ్చిక. గాలిని చల్లబరిచి కిందికి దించే రెండు బురుజులు. మనకి గుడి ముందు గాలిగోపురం అనే మాట ఉంది. ఆ మాటకి అక్షరాలా సరిపోయే కట్టడాలు ఇవే.

ఇందులో కొత్త కనిపెట్టుడు ఏమీ లేదు. కుతుబ్‌షాహీల కట్టడాల్లో జాలీ ఉంది, మన పల్లెటూళ్లలో మండువా ఉంది. మే నెల ఎండ ఎలా ఉంటుందో తెలిసినవాళ్లు కట్టినవి అవి. పడమటి ఎండకి ఎదురుగా నిలువెత్తు అద్దం పెట్టి, ఆ వేడిని ఏసీలతో తిరిగి రోడ్డు మీదికి తోసే పద్ధతి మాత్రం ఎండకి మొహం వాచిన దేశాల నుంచి తెచ్చుకున్నది.

విచారించాల్సింది ఇక్కడే. దేశమంతటికీ హరిత భవనాల గుర్తింపు ఇచ్చే ఐజీబీసీ ఆఫీసు ఈ భవనంలోనే ఉంది. చుట్టూ మైళ్ల కొద్దీ పాఠం నేర్చుకోవలసినవాళ్లు. వాళ్లు సర్టిఫికెట్టుని నేర్చుకున్నారు, పెరడుని నేర్చుకోలేదు. ఇప్పుడు అద్దాల మేడల్లోనూ లాబీల్లో ఆ పలకలు మెరుస్తుంటాయి. మార్కులు విడివిడిగా వేస్తారు కాబట్టి నీళ్లకి కొన్ని, లైట్లకి కొన్ని కలిపితే పాసైపోవచ్చు. బయట నిలబడ్డ మనిషికి నీడ ఇచ్చారా అన్నదానికి పెద్దగా మార్కులుండవు. ఆ మాటకొస్తే గ్రీన్ సెంటర్‌లోకి కూడా దారిన పోయేవాడు ఊరికే వెళ్లి కూర్చోలేడు. నా కొలతలో అదీ పూర్తిగా నెగ్గలేదు. కానీ వాతావరణాన్ని గౌరవించింది. మిగతావాటి పక్కన అది చాలా పెద్ద గుణం.

ఈ జాబితాలో ఎవరూ చేర్చని కట్టడం ఒకటుంది. హాస్టలు. మాదాపూర్ అయ్యప్ప సొసైటీ, గచ్చిబౌలి అంజయ్యనగర్, సిద్ధిఖీనగర్ సందుల్లో తిరిగితే తెలుస్తుంది. గజాల్లో లెక్కపెట్టే జాగాలో నాలుగైదు అంతస్తులు, గదికి ముగ్గురో నలుగురో, మెట్ల మీద చెప్పులు, గుమ్మం దగ్గర నీళ్ల క్యాన్లు. 2024 నవంబరులో సిద్ధిఖీనగర్‌లో పక్క జాగాలో పునాది తవ్వుతుంటే ఇలాంటి మేడ ఒకటి పక్కకి ఒరిగింది. కూల్చెయ్యాల్సి వచ్చింది. కట్టడంగా చూస్తే వీటికి నేను ఒక్క మార్కు కూడా వెయ్యను. కానీ తిట్టడానికి నోరు రాదు. ఆఫీసులకి లక్షల చదరపు అడుగులు లెక్క వేసినవాళ్లు, అందులో పనిచేసే కుర్రాడు, గేటు దగ్గర గార్డు, అంతస్తులు తుడిచే ఆమె రాత్రికి ఎక్కడ పడుకుంటారో లెక్క వెయ్యలేదు. ఆ వదిలేసిన లెక్కే ఈ హాస్టళ్లు. అమెజాన్ గోడనీ హాస్టలు మెట్లనీ కలిపి చూస్తేనే సైబరాబాద్ పూర్తిగా కనిపిస్తుంది.

ఇంకోటి, వయసు. 2023 సెప్టెంబరులో మైండ్‌స్పేస్‌లో ఏడు, ఎనిమిది నంబర్ల భవనాల్ని పేలుడు పదార్థాలు పెట్టి కొన్ని సెకన్లలో కూల్చేశారు, ఇంకా పెద్దవి కట్టుకోవడానికి. వాటికి పేరైనా లేదు, అంకెలే. వాటి కింద పరుచుకున్న గ్రానైటు గుండ్ల వయసు దాదాపు 250 కోట్ల ఏళ్లు. ఆ గుండ్లని పగలగొట్టి కట్టిన మేడ మనిషి యవ్వనం అంత కాలం కూడా నిలవలేదు. ఎవరైనా బాధపడ్డారా అంటే, పడటానికి వాటితో ఎవరికీ ఏ జ్ఞాపకమూ లేదు. అరుగు లేని ఇంటికి జరిగేది ఇదే. రేపు సైబర్ టవర్స్‌ని కూల్చుతామంటే మాత్రం ఊరుకుంటారని నేను అనుకోను.

ఎత్తు పెరిగేకొద్దీ చుట్టూ ఎక్కువ జాగా వదలాలని మన నిబంధనలే చెబుతున్నాయి. ఫైరింజను తిరగడానికి అందులో కొంత కావాలి, నిజమే. మిగిలిన జాగాలో ఇప్పుడు ఏముంటుంది? ఇనప కమ్మీల వెనక, ఎవరూ కాలు పెట్టని పచ్చిక. రోడ్డు వైపున్న ఆ కమ్మీల్ని నాలుగడుగులు లోపలికి జరిపి, బయట రెండు వేపచెట్లు, ఒక రాతిబెంచీ వేస్తే ఏ కంపెనీ రహస్యమూ బయటికి పోదు. రాయికి ఇక్కడ కొదవా? పగలగొట్టిన గుట్టలోంచి ఒక్క బండ మిగిల్చినా చాలు.