ప్రశ్నను ఇంటికి తీసుకెళ్లిన గురువు

విశ్వవిద్యాలయ అధ్యాపకుడు విద్యార్థుల జీవితాలను ఎలా తీర్చిదిద్దుతాడన్న చర్చ వచ్చినప్పుడల్లా ఆయన వాగ్ధాటిని, పాండిత్యాన్ని, క్రమశిక్షణను లెక్కలోకి తీసుకుంటారే గాని, తరగతిలో లేచిన ప్రశ్నను ఆయన ఏం చేశాడన్నది అంతగా పట్టించుకోరు. నిజానికి ఉన్నత విద్యలో గురువు పనితనం తేలేది అక్కడే. పాఠం పుస్తకంలోనూ దొరుకుతుంది; తన సందేహానికి విలువ ఉందన్న నమ్మకం మాత్రం విద్యార్థికి మరో మనిషి నుంచే రావాలి.

సాంఖ్యక శాస్త్రంలో, అంటే పరిమిత సమాచారం నుంచి నమ్మదగిన నిర్ణయాలు రాబట్టే శాస్త్రంలో, ప్రపంచఖ్యాతి పొందిన కల్యంపూడి రాధాకృష్ణారావు జీవితం ఇందుకు గట్టి సాక్ష్యం. 1920లో హడగలిలో తెలుగు కుటుంబంలో పుట్టి, విశాఖపట్నంలో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివి, ఉద్యోగ ప్రయత్నంలో కలకత్తా వెళ్లి, ప్రశాంతచంద్ర మహలనోబిస్ నెలకొల్పిన ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో చేరిన ఆయన, 1943లో ఎం.ఏ. పూర్తిచేసిన కొద్దికాలానికే కలకత్తా విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పసాగారు. అప్పటికి ఆయన వయసు తన విద్యార్థుల వయసుకు ఎంతో దూరంలో లేదు.

ఒకనాడు ఆయన అంచనాల కచ్చితత్వం గురించి బోధిస్తున్నారు. జనాభా మొత్తానికి చెందిన ఒక విలువను కొద్దిమంది నమూనా ఆధారంగా అంచనా కట్టినప్పుడు ఎంతో కొంత హెచ్చుతగ్గు తప్పదు. ఆ హెచ్చుతగ్గు కొలతనే విస్తృతి అంటారు. నమూనా చాలా పెద్దదైనప్పుడు విస్తృతి ఒక హద్దును దాటి కిందికి దిగదన్న ఫలితం ఆంగ్ల శాస్త్రవేత్త ఫిషర్ కృషి వల్ల అప్పటికే తెలుసు. నమూనా చిన్నదైతే ఈ మాట నిలుస్తుందా, నిలిస్తే ఎందుకు నిరూపించకూడదని వి.ఎం. దండేకర్ అనే విద్యార్థి అడిగాడు. పాఠ్యప్రణాళికలో లేదనో, తర్వాత చూద్దామనో ఆ ప్రశ్నను దాటవేసే వీలు ఉపాధ్యాయుడికి లేకపోలేదు. రావు దాన్ని ఇంటికి తీసుకెళ్లి, ఆ రాత్రి కూర్చుని సాధించి, మరునాడు తరగతిలో నిరూపణ చూపించారు. 1945లో కలకత్తా గణిత సంఘం పత్రికలో వెలువడిన ఆ ఫలితాన్నే, స్వతంత్రంగా దాన్ని కనుగొన్న స్వీడన్ గణితజ్ఞుడి పేరు కూడా కలిపి, క్రామర్–రావు అవధి అని నేటికీ ప్రపంచమంతటా బోధిస్తున్నారు. ఫలితం పుట్టుక చెప్పవలసి వచ్చినప్పుడు రావు ఆ విద్యార్థి పేరు దాచలేదు. గురువు గొప్పతనాన్ని నిరూపణ కంటే ఈ నిజాయితీయే ఎక్కువగా చూపుతుంది. దండేకర్ తర్వాత ఆర్థికవేత్త అయ్యాడు; నీలకంఠ రథ్‌తో కలిసి 1971లో భారతదేశంలోని పేదరికం మీద అతడు వెలువరించిన అధ్యయనం దేశ విధానాల చర్చలో స్థిరమైన చోటు సంపాదించుకుంది. ఒక్క తరగతి వల్లనే అతడు అంతటివాడయ్యాడనడం అతిశయోక్తి అవుతుంది గాని, లెక్కలను నిలదీసి అడిగే అతని అలవాటుకు ఆ తరగతిలో గౌరవం దక్కిందన్నది కాదనలేని సంగతి.

పరిశోధన విద్యార్థుల విషయంలో ఆయన ఉదారత మరో రూపంలో కనిపిస్తుంది. రంగారావు, పార్థసారథి, వరదరాజన్, వరదన్ అనే నలుగురు యువకులు ఆయన మార్గదర్శకత్వంలో ఉంటూనే, ఆయన సొంత రంగమైన గణాంక పద్ధతులను కాక సంభావ్యతా సిద్ధాంతాన్ని, అంటే అనిశ్చిత ఘటనల గణితాన్ని, పట్టుకుని ఒకరికొకరు పాఠాలు చెప్పుకుంటూ ముందుకు సాగారు. ఆయన వారిని తన దారిలోకి లాగలేదు. వరదన్ సిద్ధాంత వ్యాసాన్ని పరీక్షించిన వారిలో రష్యన్ గణితజ్ఞుడు కోల్మగోరవ్ ఒకరు. అదే వరదన్ 2007లో ఏబెల్ బహుమతి అందుకున్నాడు. మార్గదర్శి చేస్తున్న పనికే తోకలాంటి ఒక అంశాన్ని శిష్యుడికి అంటగట్టే పద్ధతి పరిశోధన సంస్థలలో సామాన్యమైపోయిన నేపథ్యంలో ఈ ఉదాహరణను పదేపదే గుర్తుచేయక తప్పదు. అయితే స్వేచ్ఛ ఇవ్వడం వేరు, గాలికి వదిలేయడం వేరు: మంచి గ్రంథాలయం, ప్రపంచ స్థాయి అతిథులు, మాట్లాడుకునే తీరిక ఉన్న సంస్థ వెనుక ఉండబట్టే ఆ స్వేచ్ఛ ఫలించింది.

ఆ తీరికే నేటి విశ్వవిద్యాలయాలలో కరవవుతోంది. గంటల లెక్కన వేతనం తీసుకుంటూ, ఒక పాఠం ముగియగానే మరో కళాశాలకు పరుగెత్తవలసిన అతిథి అధ్యాపకుడు ఎంత ప్రతిభావంతుడైనా విద్యార్థి ప్రశ్నతో ఒక రాత్రి గడపలేడు. తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలు విశ్వవిద్యాలయాలలోని ఖాళీలను శాశ్వత నియామకాలతో నింపాలి. అలా నియమితులైన యువ అధ్యాపకులు సిలబస్ పూర్తిచేసే తొందరలో ఉన్నా, వెనుక బల్ల నుంచి లేచిన చేతిని చూసి పాఠం ఆపాలి.