వదిలేసి కాపు కాయడం

2015 మే 11, మెంఫిస్. అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏ ప్లేఆఫ్స్ రెండో రౌండులో గోల్డెన్ స్టేట్ వారియర్స్ అప్పటికి 1-2తో వెనకబడి ఉంది. నాలుగో మ్యాచ్‌లో చూసేవాళ్లకు ఒక వింత కనిపించింది. మెంఫిస్ గ్రిజ్లీస్ గార్డ్ టోనీ అలెన్‌ను కాసే పని ఏడడుగుల సెంటర్ ఆండ్రూ బోగట్‌కి అప్పజెప్పారు. బోగట్ అతని దరిదాపులకే పోలేదు. రింగు దగ్గర నిలబడి, జాక్ రాండాల్ఫ్, మార్క్ గసోల్‌ల దారికి స్తంభంలా అడ్డం పడ్డాడు. దూరంగా అలెన్ ఒంటరిగా మిగిలాడు. వేసుకో నాయనా, ఎవరొద్దన్నారు అన్నట్టుంది వ్యవహారం. అతను వేశాడు, ఎక్కువగా పోయాయి. వారియర్స్ 101-84తో గెలిచింది. తర్వాతి రెండు మ్యాచులూ గెలిచి సిరీస్ ముగించింది, ఆ ఏడాది చాంపియన్ కూడా అయింది.

ఈ అలెన్ ఆషామాషీ ఆటగాడు కాడు. రెండో మ్యాచ్‌లో వారియర్స్ షూటర్లను ఊపిరాడనివ్వకుండా పట్టి, లీగులోకెల్లా మేటి డిఫెండర్ల జట్టులో తానున్నానని కోర్టులో అరుచుకుంటూ తిరిగినవాడు. అది గొప్ప కాదు, నిజమే. అలాంటివాణ్ని ఆపడానికి వారియర్స్ ఎంచుకున్న దారి, అతన్ని అసలు పట్టించుకోకపోవడం. షాట్లు పోతున్నకొద్దీ ఎదుటి కోచ్‌కి ఇరకాటం మొదలవుతుంది. ఆడిస్తే నలుగురితో ఆడినట్టే, కూర్చోబెడితే తన మేటి డిఫెండర్‌ను తానే బెంచీకి పంపినట్టు. ఈ ఎత్తుగడ అసలు లాభం పోయిన షాట్లలో కన్నా ఈ ఇరకాటంలోనే ఉందని నా అభిప్రాయం.

దీని వెనకున్న లెక్క చిల్లరకొట్టు లెక్కంత తేలిక. మూడు పాయింట్ల గీత బయటినుంచి నూటికి 30 వేసేవాడు వంద షాట్లకు 90 పాయింట్లు తెస్తాడు. రింగు కిందినుంచి నూటికి 60 పడితే 120 వస్తాయి. కాబట్టి మొదటివాణ్ని వదిలేసి, అలా మిగిలిన డిఫెండర్‌ను రింగు దగ్గర నిలబెట్టుకోవడమే లాభం. కాలేజీ గ్రౌండులో "వాడు వెయ్యడులే, వదిలెయ్" అనే కుర్రాడు చేసేదీ ఇదే లెక్క, అంకెలు లేకుండా.

ఎన్‌బీఏలో మాత్రం చాలాకాలం దీనికి నిబంధనే అడ్డు. జోన్ డిఫెన్స్ కుదరదు, తన మనిషిని వదిలి మధ్యలో తచ్చాడితే విజిల్. 2001-02 సీజన్‌తో ఆ నిబంధన పోయింది. బదులుగా మూడు సెకన్ల షరతు వచ్చింది: ఎవరినీ చేతికందే దూరంలో కాయకుండా డిఫెండర్ రింగు ముందున్న పెయింట్‌లో అంతకు మించి నిలబడకూడదు. తన మనిషిని వదిలేసిన డిఫెండర్ ఊరికే నిలబడ్డట్టు కనిపిస్తాడు గానీ, లోపల గడియారం లెక్కపెట్టుకుంటూ బయటికి రావడం, మళ్లీ దూరడం అతనికి తప్పని పని.

బంతి ఆ బలహీన షూటర్ చేతిలోనే ఉంటే పని ఇంకా సున్నితం. మంచి షూటర్‌కి సహచరుడు స్క్రీన్ పెడితే, అంటే డిఫెండర్ దారికి అడ్డం నిలబడితే, డిఫెండర్ ఆ స్క్రీన్ ముందునుంచి, అతని వీపు వదలకుండా వెంటపడాలి. వీడికి ఆ అవసరం లేదు. స్క్రీన్ వెనకనుంచి దూరి అవతల ఎదురవ్వాలి. మోకాళ్లు వంచి, చేతులు పైకి కాకుండా పక్కలకు చాపాలి. ఎందుకంటే భయం షాట్‌కి కాదు, పాస్‌కి. కొత్తవాళ్లు తప్పు చేసేది మరోచోట. ఖాళీగా ఉన్నవాడికి బంతి వెళ్లగానే, చిన్నప్పటి అలవాటు కొద్దీ మీదికి ఉరుకుతారు. అదే అతనికి కావాలి. ఉరికినవాణ్ని దాటుకుని నేరుగా రింగుకి పోతాడు. డిఫెండర్ రెండు పొట్టి అడుగులు వేసి, చెయ్యెత్తి, ఆగిపోవాలి. షాట్ గాల్లోకి లేచాక అతన్ని మరిచిపోవడమూ ప్రమాదమే. ఎవరూ ఆనుకుని లేరు గనక రీబౌండ్‌కి పరుగున వస్తాడు.

ఇంత చేసినా ఆ ఖాళీ ఉచితంగా ఏమీ రాదు. బోస్టన్ గార్డ్ రాజన్ రోండోకి 2010 ఫైనల్స్‌లో కోబీ బ్రయంట్ అంతటివాడు దూరం జరిగి కాపు కాశాడు. కానీ రోండో లాంటి పాసర్‌కి ఆ దూరం పరుగు తీసే దారి, కోర్టంతా కనిపించే కిటికీ. ఇంకో విరుగుడు, అలా ఖాళీగా వదిలిన ఆటగాడి చేతనే స్క్రీన్ పెట్టించడం. అతని డిఫెండర్ ఎక్కడో రింగు దగ్గరుంటాడు కాబట్టి, ఆ స్క్రీన్ చాటునుంచి వచ్చే షూటర్‌కి ఎదురుపడే దిక్కుండదు. విశేషమేమిటంటే దీన్ని అందంగా చేసి చూపించింది మళ్లీ వారియర్సే. డ్రేమండ్ గ్రీన్‌ని ప్రత్యర్థులు వదిలేస్తే, అతను స్టెఫ్ కర్రీ చేతికి బంతి అందించి తానే గోడలా నిలబడతాడు.

మనసు మీద పడే దెబ్బ వేరు. ఫిలడెల్ఫియా గార్డ్ బెన్ సిమన్స్‌కి 2021 ప్లేఆఫ్స్‌లో ఫ్రీత్రోలు నూటికి 34 మాత్రమే పడ్డాయి. అట్లాంటాతో ఏడో మ్యాచ్ చివర్లో, రింగు కింద తనకన్నా చాలా పొట్టివాడైన ట్రే యంగ్ ఒక్కడే ఉండగా, బంతిని బుట్టలో వేయకుండా పక్కవాడికిచ్చేశాడు. అక్కడ అతన్ని ఆపింది ఏ డిఫెండరూ కాదు.

తిరగబడ్డ రాత్రులూ ఉన్నాయి. 2012 మే 30న మయామీలో హీట్ జట్టు రోండోని మామూలుగానే వదిలేసింది. అతను ఓవర్‌టైమ్‌తో కలిపి 53 నిమిషాలూ బెంచీ ఎక్కకుండా ఆడాడు. 24 షాట్లలో 16 వేశాడు. బయటినుంచి వేసిన రెండు త్రీలూ పడ్డాయి. మొత్తం 44 పాయింట్లు, 10 అసిస్టులు. టీవీ ముందు కూర్చున్న ఎవరైనా ఇక అతని మీదికి మనిషిని పంపండయ్యా అని అరిచి ఉంటారు. మ్యాచ్ మాత్రం హీట్‌దే, 115-111.